మొదటి కుళాయి

ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు. బయట టెంటు కింద వార్షిక సభ మొదలుకాబోతోంది. ల్యాబ్ వెనకున్న సీసాల గదిలో గడియ పెట్టుకుని ఇద్దరున్నారు: ప్లాంటు మేనేజరు, రోజూ శాంపిల్ సీసాలు నింపే ఆయన బావమరిది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఇరుక్కున్నారో చెప్పడం కష్టం గాని, చెమటలు మాత్రం మేనేజరుకే ఎక్కువ పడుతున్నాయి.

"అంటే, ఏడాదంతానా?"

"ఏడాదంతా కాదు బావా. మధ్యలో నేను సెలవు పెట్టానుగా."

"అప్పుడు ఎవరు నింపారు?"

"ఎవరూ నింపలేదు. ముందే నింపిపెట్టి వెళ్లాను."

"ఒరేయ్!"

"మెల్లగా బావా. గోడకవతల కెమిస్టు గారున్నారు."

"నిన్నేం చెయ్యమన్నాను? శుద్ధయిన నీళ్లు బయటికి పడేచోట సీసా ముంచి తెమ్మన్నాను. అంతేనా? నువ్వు ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"చెప్పానుగా."

"మళ్లీ చెప్పు. నేను విన్నది నిజమేనో కాదో చూసుకోవాలి."

"గేటు దగ్గర వాచ్‌మన్ మంచినీళ్ల డ్రమ్ముంది చూడు. అందులోంచి."

"మంచినీళ్లు!"

"ఉత్త మంచినీళ్లయితే అనుమానం రాదూ? అంత తెలివితక్కువవాణ్ణా నేను? ఓ మూతెడు మన నీళ్లు కలిపేవాణ్ణి."

"మూతెడు."

"వానాకాలంలో రెండు మూతలు."

"కూరలో ఉప్పేసినట్టు వేశావురా."

"నీకోసమే బావా. ట్యాంకులోకి గాలి కొట్టే ఆ పెద్ద మోటారు చెడిపోయినప్పుడు గుర్తులేదూ? నీళ్లు కుళ్లిపోయి, లెక్కలు పరిమితి దాటిపోయి, పెద్దాఫీసులో నిన్ను నిలబెట్టి కడిగేశారు. ఇంకోసారి దాటితే ఇంటికే అన్నారు. అక్క వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను చూడలేకపోయాను."

"మోటారు మార్చమని రాశాను కదా."

"రాశావు. మార్చారా?"

"మార్చలేదు."

"మార్చకుండానే లెక్కలు చక్కబడ్డాయి. ఎలా చక్కబడ్డాయిరా అని నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"సభకి ఇంకా ఎంత టైముంది?"

"అడిగావా బావా?"

"పనుల్లో పడి..."

"పనుల్లో పడి. నా మొహం చూస్తే చాలు, నువ్వు ఇంకో పని చూసుకునేవాడివి."

"నోర్ముయ్. నాకేం తెలియదు. తెలిస్తే సంతకం పెట్టేవాణ్ణా? ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా పరిమితి దాటలేదని కింద నా పేరు రాసి సంతకం పెట్టాను."

"తెలియకూడదనేగా అడగంది."

"నోర్ముయ్ అన్నానా!"

"మూశాను. నీ ఫోన్ మోగుతోంది."

"మీ అక్క. తర్వాత చేస్తాలే."

"ఎత్తు బావా. ఏ అవసరమో."

"పొద్దుట్నుంచీ ఇదే గొడవ. పాపకి కడుపులో తిప్పుతోందట. బళ్లో ఎవరో పెట్టిన చెత్తంతా తిని ఉంటుంది. ఇక్కడ నా కొంప మునుగుతుంటే... కట్ చేశాను. నువ్వు ముందు ఈ గ్లాసు సంగతి చెప్పు. వాళ్లు సభలో నన్ను మన నీళ్లెందుకు తాగమంటున్నారు?"

"నువ్వే అన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

"సమీక్ష మీటింగులో. ఛైర్మన్ గారు నీ భుజం తట్టి, ఇంత మంచి లెక్కలు ఏ ప్లాంటుకీ లేవయ్యా అంటే, నువ్వు పొంగిపోయి, మా నీళ్లు మా ఇంట్లో వాళ్లకైనా తాగిస్తాను సార్ అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక నిలబడి ఉన్నాను."

"ఏదో మాటవరసకి అన్నానురా!"

"వాళ్లు మాటవరసకి వినలేదు బావా. ఇవాళ కెమెరాల ముందు నువ్వు గ్లాసెడు తాగాలి. నువ్వు తాగగానే ఛైర్మన్ గారు మైకు పట్టుకుంటారు. ఈ నీళ్లు ఊళ్లో కుళాయిల్లోకి వదులుతున్నామని చెబుతారు. కాలుష్య మండలి వాళ్లు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు."

"గ్లాసు మార్చేద్దాం. కూలరు నీళ్లు పట్టుకొచ్చి..."

"గ్లాసు కెమిస్టు గారి చేతిలో ఉంది. అందరూ చూస్తుండగా పైపు దగ్గర పట్టి నీకిస్తారట. వేదిక పైపు పక్కనే వేశారు."

"ఆవిణ్ణి అడిగితే?"

"ఏమని? అమ్మా, నువ్వు ఏడాదిగా వాచ్‌మన్ డ్రమ్ము పరీక్ష చేస్తున్నావు, కాస్త సాయం చెయ్యమనా? మన ప్లాంటు అంత గొప్పది అని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటోంది పాపం."

"వెనక తలుపు?"

"బురద ఆరబెట్టే మడుల్లోకి తెరుచుకుంటుంది. అవి దాటితే కార్లు, కార్ల పక్కన డ్రైవర్లు. మోకాలిదాకా బురదతో నువ్వు గోడ దూకుతుంటే బావుంటుందా?"

"గుండెనొప్పి వచ్చిందంటే?"

"ఛైర్మన్ గారు డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చారు."

"ఈ మనిషికి డాక్టరెందుకురా సభల్లో!"

"ఆయన అల్లుడు బావా."

"సరే. తాగేస్తాను. తాగి, ఇవతలికొచ్చి కక్కేస్తాను. చూడ్డానికి ఎలా ఉంటాయి?"

"తేటగానే ఉంటాయి. ఇసుక వడపోత పనిచేస్తోందిగా. మందు కూడా గట్టిగా కలుపుతున్నారు, వాసన బయటపడకుండా. రంగు పోయింది బావా, రోగం పోలేదు."

"గ్లాసెడుకి ఏం కాదులే."

"నీకు కాదు. మరి ఊరికి?"

"ఏ ఊరికి?"

"ఏ ఊరికేమిటి బావా! ఛైర్మన్ గారు వదులుతానన్న ఊరికి."

"అది తర్వాత చూద్దాం. ముందు ఈ గండం గడవనీ. ఒకసారి తాగి పేరు తెచ్చుకుంటే మోటారుకి వాళ్లే డబ్బిస్తారు. మోటారు వస్తే నీళ్లు బాగుపడతాయి. నీళ్లు బాగుపడితే నువ్వు నింపిన సీసాలే నిజమవుతాయి. అర్థమైందా?"

"అందాకా జనం?"

"జనం కాచుకు తాగరా? అందరూ నీలాంటి వెర్రివాళ్లే ఉంటారా?"

"బావా, నా మాట విను. నేనే చేశానని చెప్పేస్తాను. నీకు తెలియదంటాను. ఉద్యోగం పోతే పోనీ, ఇది కూడా నువ్వు ఇప్పించిందేగా."

"అదే వచ్చింది చిక్కు. నిన్ను పెట్టిందెవరు? నేను. సంతకమెవరిది? నాది. నువ్వు నోరు తెరిస్తే ఇద్దరం కలిసి జైలుకి. అక్కడ కూడా నీ పక్కనే పడుకోమంటావా నన్ను?"

"మళ్లీ ఫోన్ బావా. ఈసారి ఎత్తకపోతే అక్క ఇక్కడికే వచ్చేస్తుంది."

"ఆ, చెప్పవే. తొందరగా చెప్పు... మళ్లీ వాంతి అయిందా?... ఒళ్లు కాలుతోందా?... సభ అవగానే వచ్చేస్తాను, డాక్టరుకి చూపిద్దాం. అందాకా నీళ్లు బాగా తాగించు... మందు వాసనా? మందు కలిపితే మంచిదేనే, ట్యాంకరు వాళ్లకి ఇప్పటికి బుద్ధొచ్చింది... కాచి చల్లార్చేదాకా అది ఆగుతుందా? కుళాయి తిప్పి అలాగే ఇచ్చెయ్యి... తాగనంటే బతిమాలు, బెదిరించు, ఎలాగైనా పట్టించు. ఉంటాను."

"ఎలా ఉంది పాపకి?"

"నీరసం. నీళ్లు పడితే తేరుకుంటుంది. పోనీ, అక్కడొక్కటి బాగుంది. ఈ వారం మీ అక్క నన్ను నీళ్ల కోసం సతాయించట్లేదు. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే బాధ తప్పిందిట. కుళాయి పగలంతా వస్తోందిట."

"ఎండలు ఇలా ఉంటేనా?"

"ఎక్కడో బోరు పడి ఉంటుంది. క్వార్టర్స్ వెనక కాలవ తవ్వుతుంటే చూశాను, తోటకేమో అనుకున్నాను."

"తలుపు కొడుతున్నారు బావా."

"మొహం సరిగ్గా పెట్టు. చెమట తుడుచుకో."

"చెమట నీది."

"సార్! ఉన్నారా సార్? నేను, కెమిస్టుని."

"రామ్మా, రా. శాంపిల్స్ చూస్తున్నాం."

"ఇవాళ కూడా శాంపిల్సేనా సార్? అందరూ మీకోసం ఎదురుచూస్తున్నారు. గ్లాసు కడిగి తుడిచి పెట్టాను. నాకైతే కాలు ఒకచోట నిలవట్లేదు సార్, సంతోషంతో."

"నాకూ అలాగే ఉందమ్మా."

"ఒక మాట చెప్పనా సార్? చెప్పొద్దన్నారు గాని నా కడుపులో దాగట్లేదు. వేదిక మీద మీకు ఆశ్చర్యం కలిగించాలని ఛైర్మన్ గారు గట్టిగా చెప్పారు. చెబితే మీరు నన్ను పట్టివ్వరుగా?"

"నేనా? నేనెవర్ని పట్టిస్తానమ్మా. చెప్పు."

"ఊళ్లోకి వదిలేముందు ఎక్కడో ఒకచోట వాడి చూపించాలని మండలి వాళ్లు పట్టుబట్టారు సార్. ఎక్కడా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే ఛైర్మన్ గారికి మీ మాట గుర్తొచ్చింది. మా ఇంట్లో వాళ్లకైనా తాగిస్తానన్నారే, ఆ మాట. లెక్కలు చూపించమన్నారు, నేను చూపించాను. నా చేత్తో చేసిన పరీక్షలు సార్, ఒక్కటి కూడా గీత దాటలేదు. వెంటనే ఒప్పుకున్నారు."

"దేనికి ఒప్పుకున్నారు?"

"పైపు వెయ్యడానికి సార్. ఈ వారమంతా నడుస్తూనే ఉంది. ఈ నీళ్లని ముందుగా తాగింది మా మేనేజరు గారి కుటుంబమే అని ఇవాళ మైకులో చెబుతారు. ఎవరికి దక్కుతుంది సార్ ఇంత గౌరవం?"

"పైపు ఎక్కడికమ్మా?"

"స్టాఫ్ క్వార్టర్స్‌కి సార్. మొదటి కుళాయి మీ ఇల్లే."

"బావా."

"సార్? ఏమైంది సార్? కూర్చోండి. ఏమండీ, సార్‌ని పట్టుకోండి!"

"కెమిస్టు గారూ, ముందు ఆ పైపు కట్టేయించండి. ఇప్పుడే. ఎవరు అడిగినా ఆగకండి."

"ఎందుకు? నీళ్లు బాగున్నాయి, నేను పరీక్ష చేశాను..."

"మీరు చేసింది గేటు దగ్గర డ్రమ్ము నీళ్లకమ్మా. సీసాలు నేను అక్కడ నింపాను. ఏడాదంతా."

"ఏమంటున్నారు మీరు? సార్, ఈయన ఏమంటున్నారు?"

"నిజమేనమ్మా. వెళ్లు. పరిగెత్తు. ముందు వాల్వు కట్టెయ్యి, తర్వాత మైకులో చెప్పు, నా పేరుతోనే చెప్పు. వెళ్లమ్మా! ఒరేయ్, ఫోన్... నా ఫోనెక్కడ?"

"నీ చేతిలోనే ఉంది బావా."

"ఎత్తవే. ఎత్తు, ఎత్తు..."

"ఇలా ఇవ్వు, స్పీకరు పెడతాను. అక్కా! అక్కా, వినబడుతోందా?"

"వినబడుతోందిరా. ఎందుకా అరుపులు?"

"నేనే! కుళాయి కట్టెయ్యి! పాపకి ఆ నీళ్లివ్వకు, ఒక్క గుక్క కూడా వద్దు!"

"అదేమిటండీ? ఇందాక మీరేగా ఎలాగైనా పట్టించమన్నారు? ముక్కు మూసి, బెదిరించి, చెంబెడు తాగించాను. మన వరసలో పిల్లలందరికీ ఇవే వాంతులట. ఏం చెయ్యాలి వదినా అని వాళ్ల అమ్మలు అడిగితే, ఇప్పుడే గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పొచ్చాను, కుళాయి నీళ్లు బాగా తాగించండి, మేనేజరు గారే చెప్పారు అని."