మొదలొచ్చిన రిపోర్టు

స్నేహలతను కన్న కాంతమ్మవ్వా, పెర్కిట్ నుంచి, మాక్లూర్ నుంచి వచ్చిన అన్నలారా, అక్కలారా! మన స్నేహలత పోయి ఇయ్యాలకు పదకొండు దినాలు. ముప్పై నాలుగేండ్ల మనిషి. నేను గజేందర్‌ను, ఆమెతోని ఆరేండ్లు పనిచేసిన. గీ మైకు పట్టుకునే హక్కు నాకున్నదా? లేదు. చెప్పకుంటే ఇంకా పెద్ద తప్పయితదని వచ్చిన.

పసుపు కమీషన్ దుకాణం మీది మేడల మా ఆఫీసు. రెండు కంప్యూటర్లు నెట్టు మీద మాట్లాడుకునేటందుకు కోడు రాస్తం. ఏ చిన్న మార్పు చేసినా, కోడు సరిగున్నదా లేదా చూసే నాలుగు వందల టెస్టులు వాటంతటవే నడుస్తయి. అవన్నీ స్నేహలత రాసినయే. "నెట్టు మంచిగుంటే ఎవలి కోడైనా నడుస్తదన్నా" అనుకుంట, పని నడుస్తుంటెనే వైరు గుంజేసేది. మేం తిట్టుకునేటోళ్లం. ఆమె నవ్వేది.

పోయినేడు ఒక టెస్టు ఇరవైసార్లల్ల ఒకపారి ఫెయిలయ్యేది. నేనేం చేసిన? మళ్ళ నడిపిన. పాసయింది. కోడు పంపేద్దామన్న. ఆమె పంపనియ్యలే. "అన్నా, ఎందుకు ఫెయిలైందో ముందుగాల చెప్పు. పాసైన ముచ్చట తర్వాత." మూడు దినాలు కుర్సీల నుంచి లేవలే. ఆఖరికి పట్టింది. లైను తెగి మళ్ళ కలిస్తే, ఒకటే మెసేజి రెండుపార్లు పోతున్నది. ఆ కోడు దవాఖానలల్ల వాడుతరు. ఒక రోగికి ఒకటే మందు రెండుపార్లు ఎక్కించమని పోతుండె. ఎవల పానం కాపాడిందో ఆమెకూ తెల్వది.

గసొంటి మనిషికి నేనేం చేసిన, అవ్వా?

పోయిన నెల ఛాతిల నొప్పన్నది. నేనే దవాఖానకు తీస్కపోయిన. ఈసీజీ మంచిగ లేదు, గుండె డాక్టరుకు చూపెట్టుండ్రి అన్నరు. మిషను కరాబుంటది, ఇంకో తాన తీపిద్దామన్న. తీపిచ్చినం. మంచిగొచ్చింది. సంబరపడి, మొదటి కాయితం నా చేతులతోనే చింపేసిన. అన్నిటికి ఎందుకని అడిగే స్నేహలత ఆ దినం ఎందుకడగలే? కొత్త కోడు పంపే రిలీజు దగ్గర పడ్డది, నాకు ఫికర్ పెట్టుడెందుకని ఊకున్నదేమో. తొమ్మిదో దినం ఆఫీసులనే వాలిపోయింది.

మాఫ్ చెయ్యమని అడగనవ్వా. నా బిడ్డకు గిట్లయితే నేను చెయ్య.

అందరికి ఒక్కటే చెప్తున్న. మీ ఇంట్ల చెడ్డ రిపోర్టుంటే, మంచిదొచ్చేదాక తిరగకుండ్రి. గదే పట్టుకొని రేపే డాక్టరు దగ్గరికి పోండ్రి.

ఆమె టెస్టులు ఇయ్యాల గూడ నడుస్తున్నయి. పొద్దుగాల ఒకటి ఫెయిలయింది. ఆఫీసుల కొత్తగ చేరిన పోరలు నా మొఖం చూసిండ్రు. రిలీజు ఆపిన. ఎందుకో తెలిసేదాక పంపం.

లేవుండ్రి. రెండు నిమిషాలు సప్పుడు చెయ్యకుంట నిలబడదాం. నన్నెవలూ ఓదార్చకుండ్రి.