రెండో తొట్టిలో కొర్రమీను

ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆకివీడు వెళ్లే కారు. మధ్యాహ్నం. నడుపుతున్నది హేమంత్‌కుమార్. పక్కన అతని భార్య తేజశ్రీ.

“ఒక్కటి కూడా లేదా అని అడిగాను. లేదంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది డాక్టర్ మేడమ్.”

“నాకూ చెప్పారండి.”

“నీకెప్పుడు చెప్పారు? మత్తులో ఉన్నావుగా.”

“తెలివొచ్చాక.”

“ఏమని చెప్పారు?”

“సూదితో లాగితే నీళ్లొచ్చాయట. గుడ్లు రాలేదట.”

“అదెలా కుదురుతుంది? స్కానింగులో కనపడ్డాయి కదా. నల్లగా, గుండ్రంగా. నేను చూశాను. బాగా పెరిగాయండీ ఈసారి అని మేడమే చూపించింది. మరి అవన్నీ ఎక్కడికి పోయినట్టు?”

“ఎక్కడికీ పోలేదు లెండి.”

“అంటే?”

“ఏం లేదు. ఈ అద్దం కాస్త దించండి.”

“ఏసీ ఉందిగా.”

“గాలి కావాలి.”

“కొల్లేరు కంపు కొడుతుంది.”

“కొట్టనివ్వండి.”

“నొప్పిగా ఉందా?”

“లేదు.”

“ఏడుపొస్తే ఏడువు తేజా. లోపల దాచుకోకు.”

“రావట్లేదండి.”

“కిందటిసారి ఇదే రోడ్డు మీద ఇల్లు చేరేదాకా ఏడ్చావు.”

“కిందటిసారి వచ్చింది. ఇప్పుడు రావట్లేదు. మత్తు ఇంకా దిగలేదేమో.”

“మత్తు దిగకపోతే ఇంటికి పంపించరుగా.”

“అయితే దిగే ఉంటుంది.”

“కొబ్బరినీళ్లు తాగుతావా? అక్కడ బండి ఉంది.”

“వద్దండి.”

“పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు.”

“మీరూ తినలేదు.”

“నాకెలా దిగుతుంది? మేడమ్ ఇంకో మాట కూడా అంది. నిన్ను బయటికి తీసుకురాకముందు.”

“ఏమందండీ?”

“ఆఖర్న ఒక ఇంజక్షన్ ఉంది చూడు, మొన్న రాత్రిది. గుడ్లని విడిపించేది అదేనట. అది ఒంటికి పట్టకపోతే గుడ్లు గోడని కరుచుకునే ఉంటాయట. సూదిపెట్టి లాగినా రావట.”

“డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠం చెబుతున్నానండీ. నాకు చెబుతున్నారా?”

“నీకు తెలుసనుకో…”

“మీకూ తెలుసు. బొచ్చె చేపకి పొట్ట నిండా గుడ్లుంటాయి. మీరు హార్మోన్ ఇస్తే గానీ ఒక్కటి వదలదు. చేపపిల్లల్ని తీసే మీ హేచరీ నడిచేదే దాని మీద.”

“అందుకే అడుగుతున్నాను. ఏమనుకోకు. అది సరిగ్గా ఇచ్చుకున్నావా?”

“ఇంజక్షన్ సరిగ్గానే పడిందండి. గాలిబుడగ కూడా లేదు.”

“టైముకేనా?”

“వాళ్లు చెప్పిన టైముకే.”

“నేనుండాల్సింది. ఇన్నిసార్లూ నేనే ఇచ్చాను నీకు. నా చెయ్యి తేలికని నువ్వే అనేదానివి. సరిగ్గా ఆ రాత్రే కరెంటు పోవాలా? చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరవాలా? నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు వదిలి రాలేకపోయాను. నేనే చూసుకుంటాను లెండి అన్నావు. సరే అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.”

“మీరుంటే మాత్రం ఏం చేసేవారండీ?”

“నేనిచ్చేవాణ్ని.”

“అవును. ఇచ్చేవారు.”

“అదేంటి అలాగంటావు?”

“ఎలాగన్నాను?”

“వదిలెయ్. ఇందులో నీ తప్పేం లేదు. నాకు తెలిసిపోయింది తప్పు ఎవరిదో.”

“ఎవరిదండీ?”

“మహబూబ్‌ది.”

“ఆయనేం చేశారు?”

“ఇంట్లో ఫ్రిజ్ పాడైందని నీ మందు హేచరీ ఫ్రిజ్‌లో పెట్టామా? కరెంటు పోగానే వీడు జనరేటర్ వేసి, ఫ్రిజ్ వైరు పీకేసి ఇంకో ఏరేటర్ తగిలించాడట. నిన్న వాడే చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. చల్లదనం పోతే మందు చెడిపోయి ఉండొచ్చని మేడమ్ అంది.”

“ఆ కాసేపటికి చెడదండి.”

“నువ్వెలా చెప్పగలవు?”

“చెడలేదండి.”

“నువ్వు వాణ్ని వెనకేసుకు రాకు. ఇవాళే పంపించేస్తాను. ఇల్లు చేరగానే మొదటి పని అదే.”

“మీ నాన్నగారి నాటి మనిషి. ఆయనొచ్చాకే మీరు హేచరీలో అడుగుపెట్టారు. బొచ్చె తలకాయలు పగలగొట్టి హార్మోన్ గ్రంథి తియ్యడం ఆయనే నేర్పారని మీరే చెబుతారుగా.”

“నేర్పాడు. ఇవాళ నా కొంప ముంచాడు.”

“ముంచలేదండి. ఆయన్నేమీ అనకండి.”

“అనకుండా ఎలా? ఎవరో ఒకరి తప్పు ఉండాలిగా తేజా? ఊరికే ఎలా అయిపోతుంది ఇలాగ?”

“ఫోన్ మోగుతోంది.”

“అమ్మ.”

“మాట్లాడండి.”

“ఏం చెప్పను?”

“రాలేదని చెప్పండి.”

“ఇంటికెళ్లి చెబుతాను. ఇప్పుడు నావల్ల కాదు.”

“పాపం, పొద్దుట్నుంచి దేవుడి గదిలోనే కూర్చుని ఉంటారు.”

“నీ కోసమేగా.”

“నా కోసమేనండి. మొన్న ఆదివారం భోజనాల దగ్గరా నా కోసమే అన్నారు.”

“ఏమంది?”

“మర్చిపోయారా? ఆ రెండో తొట్టిలో గొడ్డుదాన్ని ఇంకెన్నాళ్లు మేపుతార్రా, కోసి పులుసు పెట్టుకోక అన్నారు.”

“అమ్మ చేప గురించి అంది.”

“అవునండి. చేప గురించే.”

“మా హేచరీలో పనివాళ్లందరూ దాన్ని గొడ్డుదనే పిలుస్తారు. అమ్మకీ అదే అలవాటైంది. నిన్ను అనలేదు.”

“నా ప్లేటులో అన్నం వడ్డిస్తూ అన్నారు.”

“తేజా…”

“మీరేమో సరేనమ్మా అన్నారు. శనివారం లారీకి ఎత్తించేస్తానన్నారు.”

“మరేం చెయ్యను? మూడేళ్లయింది. ఎంత మేత వేశాం, ఎన్ని ఇంజక్షన్లు ఇచ్చాం. దాని పక్క తొట్టెల్లోవి పిల్లల్ని కూడా తీశాయి. దీని పొట్ట ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, మళ్లీ దిగిపోతుంది. నీ పీహెచ్‌డీ కోసమని ఇన్నాళ్లు ఉంచాను.”

“ఉంచారు. కాదనను.”

“వేరే జంటని పెట్టుకో. కొల్లేరులో కొర్రమీనులకి కొదవా?”

“ఈ జంట వేరండి. మగది మూడేళ్లుగా ఆ తొట్టిలో ఇంకో ఆడదాని దగ్గరికి పోలేదు. రెండుసార్లు మార్చి చూశాం. మేత కూడా ముట్టలేదు.”

“అదే రాసుకో మరి.”

“రాశానండి.”

“తేజా, కోపంగా ఉందా నా మీద?”

“కోపం కూడా రావట్లేదండి.”

“మేడమ్ రెండు నెలలు ఆగి మళ్లీ రమ్మంది.”

“విన్నాను.”

“ఈసారి హైదరాబాదులో చూపిద్దాం. మందు అక్కడే పెట్టుకుంటారు. మనకీ ఫ్రిజ్ గొడవ ఉండదు.”

“కిందటిసారే చెప్పాను కదండీ, ఇక చాలని.”

“చెప్పావు.”

“మీరేమన్నారు?”

“ఈ ఒక్కసారికి అన్నాను.”

“అంతకు ముందూ అదే అన్నారు.”

“ఆశ ఉంటుంది కదా మనిషికి.”

“ఉంటుందండి. నాకు ఒంట్లో చోటు లేదు. పొట్ట మీద సూది దిగని జాగా వెతుక్కోవలసి వస్తోంది. కాలేజీలో నిలబడి పాఠం చెబుతుంటే ఆ మాటలు ఎవరో చెబుతున్నట్టు ఉంటోంది. మీతో చెప్పాను ఇదంతా.”

“నాకు అర్థం కాలేదు.”

“అర్థమైంది. వినలేదు.”

“మళ్లీ ఫోన్. అమ్మే అయి ఉంటుంది. కాదు, మహబూబ్. రానీ, వీడి సంగతి ఇప్పుడే తేలుస్తాను.”

“ఏవండీ, వద్దు…”

“స్పీకర్‌లో పెడతాను, నువ్వూ విను. హలో!”

“సార్, మహబూబ్‌నండి. ఎక్కడిదాకా వచ్చారండి?”

“ఎక్కడిదాకా వస్తే నీకెందుకు? మొన్న రాత్రి ఫ్రిజ్ వైరు పీకావే, అందులో ఏముందో నీకు తెలుసా?”

“తర్వాత తిట్టండి సార్, పడతాను. రెండో తొట్టిలో గొడ్డుది గుడ్లు పెట్టేసిందండి!”

“ఏంటి?”

“పెట్టేసిందండి సార్! పొద్దున మేత వెయ్యడానికి వెళ్తే నీళ్ల మీద పసుపు చల్లినట్టు కనపడింది. ఇదేంట్రా అని గుర్రపుడెక్క పక్కకి జరిపితే అన్నీ గుడ్లే. ఆస్పత్రిలో ఉంటారని ఇందాకటిదాకా ఫోన్ చెయ్యలేదండి. మగది గుడ్ల కింద నిలబడి ఉంది. చెయ్యి పెట్టబోతే కరిచేసింది.”

“ఇంజక్షన్ ఎవరిచ్చారు దానికి?”

“ఎవరూ ఇవ్వలేదండి. శనివారం లారీకి పోయేదానికి మందు దండగ అని మీరే అన్నారుగా.”

“మహబూబ్ గారూ, గుడ్లు తెల్లగా ఉన్నాయా, మెరుస్తున్నాయా?”

“మేడం గారూ, మీరూ ఉన్నారా? మెరుస్తున్నాయండి. తెల్లవి ఎక్కడో ఒకటీ అరా.”

“అయితే బతికే గుడ్లే. ఇంక చెయ్యి పెట్టకండి. గుర్రపుడెక్క ఎలా ఉందో అలా వదిలెయ్యండి. ఎండ పడకుండా పైన తడిక వెయ్యండి. ఆడది ఎక్కడుంది?”

“ఓ మూలకి ఉందండి. అలిసిపోయినట్టుంది.”

“దాన్ని కదపకండి. ఎవర్నీ అటు రానివ్వకండి. లారీకి ఇవ్వద్దు.”

“అయ్యో, ఎందుకిస్తామండి ఇంక? మేడం గారూ, మరి ఆస్పత్రిలో మీకు…”

“వస్తున్నాం మహబూబ్. పెట్టెయ్.”

“అలాగే సార్.”

“చూశావా తేజా? చూశావా?”

“విన్నానండి.”

“పొద్దుట్నుంచి ఇప్పుడే ఇన్ని మాటలు మాట్లాడావు నువ్వు.”

“అవునా?”

“ఏ మందూ లేకుండా పెట్టేసిందంటే… మూడేళ్లు చేసిన ఇంజక్షన్లకి దక్కనిది ఊరికే ఎలా దక్కింది? వాన కూడా పడలేదు.”

“పడలేదు.”

“నీళ్లు మార్చారేమో.”

“మార్చలేదండి.”

“మరి? నీకు తెలిసుండాలి, చదివేదానివి నువ్వు.”

“నిరుడు మీకు ఒకటి చదివి వినిపించానండి. కొర్రమీనుకి చేపల హార్మోన్ కంటే ఆడవాళ్లకిచ్చే హార్మోన్ బాగా పట్టిందని. కడుపుతో ఉన్నవాళ్ల ఒంటి నుంచి తీసేదే అది.”

“గుర్తుంది. మనుషుల మందు చేపకి పెట్టమంటావా అని నవ్వాను.”

“నవ్వారు.”

“తేజా.”

“వంతెన మీద కారు ఆపకండి. వెనక చేపల లారీలున్నాయి.”

“ఉండనీ. మొన్న రాత్రి హేచరీకి నువ్వొక్కదానివే వెళ్లావు.”

“అవునండి.”

“ఫ్రిజ్ తీశావు.”

“తీశాను.”

“అందులో చేపల మందు ఉంది, నీదీ ఉంది. కరెంటు లేదు. చీకటి.”

“సెల్‌ఫోన్ లైటు ఉందండి.”

“ఒకటి బదులు ఒకటి… చేపల మందు నువ్వు ఎక్కించుకున్నావా? అయ్యో, ఒంటికేమైనా అయితే? కారు వెనక్కి తిప్పుతాను. మేడమ్‌కి చెప్పాలి ముందు.”

“తిప్పకండి. నేనేమీ ఎక్కించుకోలేదు.”

“ఏమీ…”

“ఏమీ లేదు.”

“అది బలమైన చేప. ఇద్దరం పట్టుకున్నా జారిపోతుంది. ఒక్కదానివే ఎలా…”

“తడి తువ్వాలు కప్పానండి. కళ్లు మూస్తే ఇక కొట్టుకోదు. ఇవాళ నాకూ అలాగే అయింది, మాస్కు పెట్టగానే.”

“ఇంజక్షన్ లేదని తెలిసీ ఇవాళ ఆ బల్ల మీద పడుకున్నావా? సూది పెట్టించుకున్నావా?”

“మీరు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారండి. నాకు నోరు రాలేదు.”

“కాదు. కాదు తేజా. కంగారు పడ్డావు. చెరువు దగ్గర అరుపులు, చీకటి, రెండు మందులూ ఒక్కచోట. మారిపోయాయి. అంతే కదా? ఎవరికైనా జరుగుతుంది. మహబూబ్‌ని ఏమీ అనను. నిన్నూ ఏమీ అనను. అమ్మకీ అదే చెబుతాను, మందులు మారిపోయాయమ్మా అని. పొరపాటైందని ఒక్క మాట చెప్పు. చెప్పు తేజా.”

“మారలేదండి. ఆస్పత్రివాళ్లు సీసా మీద అంటించిన నా పేరు రెండుసార్లు చదువుకుని, అప్పుడే దానికిచ్చాను.”