బొగ్గు కడుక్కున్నంక

ఆఁ, కూసో బిడ్డా, ఆ ఫోను జర పక్కకు పెట్టు. ఏమడిగినవ్? సోమవారం నీ తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ నవల మొదలుపెట్టాలె, ఎట్ల మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు, ‘సామ్యేల్ సార్ ఎట్ల చెప్పెటోడు తాతా’ అని. చూసినవా! జిందగీ అంత ఇంగ్లీషు చెప్పి రిటైరైన తాతను ఎదురుంగ కూసోబెట్టుకొని, చచ్చిపోయి ఇరవయ్యేండ్లైన మనిషి ఎట్ల చెప్పిండో అడుగుతున్నవు. ఈ గట్టయ్య సార్ ఎట్ల చెప్పిండో అడుగరాదు? లే, లే, కోపం లేదు. మీ బాపు నేర్పిచ్చి పంపిండు కద? నాకెరుకే. కిషన్‌కు ఈ జన్మల సార్ అంటే ఒక్కడే. నేనేమో బాపును. బాపు అయితందుకు ఏం కష్టపడాలె, కొడుకు పుడితె అయిపాయె. సార్ అనిపిచ్చుకునుడే గగనం.

ఆ నవల నాకు సుత యాదున్నది, కావాల్నంటె విను. ఏదో దూరదేశం, తెల్లోళ్లదే రాజ్యం. రైలింజన్ల బొగ్గేసే నల్లాయన ఒకడుంటడు. రైలు పట్టాలు తప్పుతది. తప్పు తెల్ల డ్రైవర్ది, కండ్లార చూసినోళ్లు ఊరు నిండ ఉన్నరు, అయినా కోర్టుల ఒక్కడు నోరిప్పడు. నేరం నల్లాయన మీదికి పోతది. గంతే కథ. మీ బాపు మా బడిల ఉన్న ఆ యేడు పెద్దసారు ఏ సెక్షన్ నాకిచ్చి, బీ సెక్షన్ సామ్యేల్‌కిచ్చి, లైబ్రరీ పీరియడ్ల ఇద్దరు ఇదే చెప్పుండ్రి అన్నడు. ఇగ నేను ఎంత తయారైననుకున్నవ్! రాసినాయన ఎప్పుడు పుట్టిండు, యాడ చదివిండు, కష్టమైన మాటలేంది, వాటి మీనింగులేంది, బోర్డు నిండ ముత్యాల్లెక్క రాసిన. నా చేతిరాత చూసి తనిఖీకొచ్చిన ఆఫీసరే మెచ్చుకున్నడు. సామ్యేల్ చేతిరాతనా? కోడి గెలికినట్టుంటుండె. ఆ మాట సుత రాసుకో. రాస్తలేవా?

మీ బాపు నా సెక్షన్లనే ఉండె, ముంగటి బల్ల. మన గోదావరిఖనిల ఆ బడి పిల్లలంత బొగ్గుబాయి పనోళ్ల పిల్లలే. చెయ్యి లేపిండు. ‘సార్’ అన్నడు, బడిల బాపు అనొద్దని నేనే చెప్పిన. ‘సార్, ఆయన బొగ్గేస్తడు కాబట్టి నల్లగున్నడు. డ్యూటీ దిగినంక తానం చేస్తే పోతది కద. మరి కోర్టుకు తానం చెయ్యకుంట ఎందుకు పోయిండు?’ నవ్వకు! ఆనాడు క్లాసుల ఒక్కడు నవ్వలే. అందరికి అదే అనుమానం. వాళ్లకు నల్లోళ్లంటే ఎవలు? ఫస్ట్ షిఫ్టు దిగొచ్చే నాయినలు. పొద్దుగాల మామూలు మనిషి బాయిలకు దిగుతడు, మూడు కొట్టంగ నల్లోడు పైకొస్తడు, తానం చేసి మల్ల మామూలు మనిషై ఇంటికొస్తడు. వాళ్లు చూసిన నలుపు గదే. నేనేమన్న? ‘అది పుట్టు నలుపురా, కూసో, మీనింగు రాస్కో’ అన్న. ఏం తప్పన్న? నువ్వు సుత టీచరువే, చెప్పు. ప్రతి పోరని దగ్గర ఆగితే పుస్తకం ఎన్నడైపోవాలె?

వాడు సక్కగ పొయ్యి ఆ ప్రశ్ననే సామ్యేల్‌నడిగిండు. ఆయన ఎట్లన్నడో చేసి చూపిస్త చూడు, ఇట్ల మెడ పక్కకు వంచి, చర్చిల ప్రార్థన చేసినట్టు మెల్లగ, ‘కిషనూ... ఎంత మంచి ప్రశ్న అడిగినవు నాయినా... నాకు రేపటిదాక టైమియ్యి’ అన్నడట. టైమియ్యాల్నట! సారు పొయ్యి పోరని దగ్గర టైమడుగుడేంది? నేనెన్నడన్న అడిగిన్నా? ఇంటికొచ్చి అన్నం కాడ వాడు అదే ముచ్చట. మీ బాపమ్మ అనసూర్య ఏమన్న తక్కువనా, ‘అవునా బిడ్డా, సారు గంత మాటన్నడా’ అని ఇంకింత ఎగేసుడు. నా కంచంల పప్పు లేదని ఎవ్వలు చూడలే. నేనే ఏసుకున్న.

తెల్లారి రెండు సెక్షన్ల పోరలను ఎంబడేసుకొని బాయి గేటు కాడికి తోల్కపోయిండు. నేను సుత పోయిన. ఎందుకేంది, నా సెక్షన్ పిల్లలు, ఏమన్నయితే ఎవలది జిమ్మా? సైరన్ మోగింది, షిఫ్టు పైకొచ్చింది. నెత్తిల లైట్లు, కండ్లు, పండ్లు, ఇంకేం కనవడ్తలేవు. ‘మీమీ నాయినలను పట్టుకోండ్రి’ అన్నడు సామ్యేల్. ఉరికిన్రు పోరలు. బాయిల పనిజేసే మా తమ్ముడు మొగిలి ముంగటికెళ్లే పోతున్నడు, మీ బాపు గుర్తుపట్టలే. ఇంకొకాయన రెక్క పట్టుకొని ‘కాకా’ అన్నడు. ఆయన సదయ్య. మొగిలికి జోడు, కింద ఇద్దరు కలిసి బొగ్గు నింపుదురు, ఒక్క సీసాల నీళ్లు తాగుదురు. ఇగ అందరు ఒక్కటే నవ్వుడు, సదయ్య సుత నవ్విండు. ‘వీళ్లల్ల ఎవలు ఏ వాడోళ్లో చెప్పుండ్రి’ అని సామ్యేల్ అడిగితే ఒక్క పోరడు చెప్పకపాయె.

తానాలు చేసి, తల దువ్వుకొని, ఉతికిన అంగీలేసుకొని బయటికొచ్చిన్రు. గేటుకు ఎదురుంగ తడకల చాయ్ హోటలుంటుండె. మొగిలి లోపటికి పొయ్యి బల్ల మీద కూసున్నడు. సదయ్య బయటనే నిలవడి చాయ్ అందుకున్నడు. ఎవ్వలు వద్దనలే, బోర్డేం లేదు, అలవాటు. సదయ్యోళ్లది ఊరవతలి వాడ, సామ్యేల్‌ది సుత గదే వాడ. నేనైతే ఆడ గంటసేపు ఉపన్యాసం ఇద్దును. సామ్యేల్ ఒక్కటే మాటన్నడు, ‘బొగ్గు కడుక్కున్నరు పిల్లలూ. ఇప్పుడు చూడుండ్రి, ఎవలు యాడున్నరో.’ గంతే. పోరలు చూస్తనే ఉన్నరు.

హోటలాయన మాకు సుత చాయ్ తెచ్చిండు. నేను లోపట కూసున్న, ఎప్పుడు కూసునే జాగనే. సామ్యేల్ బయట నిలవడ్డడు, ఆయన ఎప్పుడు నిలవడే జాగనే. మీ బాపు కోసం నా పక్కన జాగ ఉంచిన, చెయ్యితోని తుడిచి మరీ. ‘రారా’ అన్న. వాడు నన్ను చూసిండు, బల్లను చూసిండు, పొయ్యి సామ్యేల్ పక్కన నిలవడ్డడు. గ్లాసు కాలుతుంటే ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు మార్చుకుంట, ఊదుకుంట, నిలవడే తాగిండు. నాకు కడుపు మండింది బిడ్డా. ఉన్నమాట చెప్తున్న. నా కొడుకు వాడు! నా పక్కన జాగ ఖాలీగున్నది, అందరు చూస్తున్నరు.

ఆనాటి సంది లైబ్రరీ పీరియడ్ అంటే నా సెక్షన్ల సగంమంది ఆయన కిటికీ కాడనే. కోర్టుల ఎవ్వలు నోరిప్పని పేజీ చదివిననాడు బీ సెక్షన్ అంత ఏడ్చిందట. నా క్లాసుల ఆ పేజీకి మీనింగులు రాసుకున్నరు. మంచిగనే రాసుకున్నరు, పరీక్షల ఇంగ్లీషు మార్కులు సుత మావోళ్లకే ఎక్కువచ్చినయి. ఎవలు యాది చేస్తరు చెప్పు ఆ మార్కులను?

ఆయన పోయిననాడు మీ బాపు కాసిపేటల డ్యూటీ ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు. చర్చిల పెట్టె ఎత్తినప్పుడు ముంగట ఒక పక్క ఆయన కొడుకు నతానియేలు, ఇంకో పక్క మీ బాపు. తెల్వనోళ్లు ఇద్దరు కొడుకులనుకున్నరు. మీ బాపు చిన్న పోరని లెక్క ఎక్కెక్కి ఏడుస్తున్నడు. ఎనుక నడుసుకుంట నేనేమనుకున్ననో తెలుసా? రేపు నన్ను మోసేటప్పుడు వీడు గింత ఏడుస్తడా అని. పెట్టెల ఉన్న మనిషి మీద సుత నాకు కుళ్లే. మీ బాపమ్మ రెక్క పట్టి గుంజింది, ‘నడువుండ్రి, ఎనుకపడ్డరు’ అని.

సరే, అదంత పోనీ. సోమవారం నువ్వేం చేస్తవు? ఆ బాయి మూసి ఎన్నేండ్లాయె. ఇప్పుడంత ఓపెన్‌కాస్టు, పైకెల్లే తవ్వుడు, డంపర్ల అద్దాల క్యాబిన్ల కూసొని తోలుతరు, ఏసుకున్న అంగి ఏసుకున్నట్టే దిగుతరు. గోదారి అవతల మీ జైపూర్ బడి పిల్లలు తానం ముచ్చట ఎందుకడుగుతరు? ఆ హోటలు జాగల సెల్‌ఫోన్ల దుకాణం పడ్డది. ఎట్ల మరి? నేనొక మాట చెప్త విను. నన్ను తోల్కపో. ఔ, నన్నే. సామ్యేల్ లేడు, నేనున్న. బోర్డు మీద ఆ రాసినాయన పేరు... వద్దా? సరే తియ్యి, బోర్డు వద్దు. మీనింగులు సుత వద్దు. మరి ఏం చెప్తవు తాతా అంటవా? ఏం చెప్త... మీ బాపు అడిగింది చెప్త. గేటు కాడి ముచ్చట చెప్త, సదయ్యను చెప్త. ఏం చెప్పినా తిరిగి తిరిగి ఆయన కాడికే పోతది కద, ఏంజేత్తం. గని ఆయన కన్న మంచిగ చెప్త, చూడు. కుర్చీ గిర్చీ ఏం ఎయ్యకు. మోకాళ్లు నొస్తే నొయ్యనీ, నిలవడే చెప్త. మీ బాపును సుత రమ్మను. ఫోన్ చెయ్యి, డ్యూటీ ఉంటే లీవు పెట్టుమను, ఆయన కోసం పెట్టలేదా? రమ్మను. ఈసారి యాడ నిలవడ్తడో చూస్త... అనసూర్యా! చాయ్ పోస్తవా లేదా? పిల్ల వచ్చి ఎంతసేపాయె!