శనివారం మాత్రం తింటుంది

సోమవారం సాయంత్రం ఆరు గంటలకు, నర్సీపట్నంలో ఫణిశ్రీ టీచరు పెంచుకుంటున్న చిన్న కుక్క జున్ను, పెట్టిన పెరుగన్నం ముట్టలేదు. ఫణిశ్రీ ఆ గిన్నె పట్టుకుని ప్రహరీగోడ దగ్గరకు వెళ్లింది. గోడ అవతల పక్కింటి నూకరత్నం చేపలు తోముతోంది. ఇవతల వరండాలో ఫణిశ్రీ అత్తగారు వర్ధనమ్మ కూర్చుని ఉంది.

"ఇటు రండి నూకరత్నం గారూ. ఈ గిన్నె చూడండి."

"ఏటి టీచరమ్మా? పెరుగన్నం. నాకాకలేస్తందని సెప్పినానా?"

"జున్ను ముట్టలేదు. మూడు వారాలుగా ఇదే వరస. మీరేం పెడుతున్నారు దానికి?"

"నానా? మీ కుక్కకా?"

"చేప తలకాయలు. మాది నీచు తినని ఇల్లు. మీరు దానికి రుచి చూపించారు, ఇంక పెరుగన్నం ఏం తింటుంది?"

"తలకాయలు మేం పులుసెట్టుకుంటాం. కుక్కలకి పారేసేంత కలిగినోళ్లం కాదు."

"పశువుల డాక్టరుకి చూపించాను. రోగం లేదన్నారు. అరకిలో పెరిగింది, ఎవరో కడుపు నిండా పెడుతున్నారన్నారు."

"నా పేరు రాసిచ్చినాడా ఆ డాక్టరు?"

"ఇంకెవరున్నారు ఈ గోడవతల?"

"ఫణీ, ఇంక చాలు. లోపలికి రా."

"మీరుండండి అత్తయ్యా. నేను స్కూలుకి వెళ్లగానే ఈవిడ గోడ మీంచి విసురుతోంది. రేపే గోడ మీద రేకులు కట్టిస్తాను."

"కట్టించు. ఆకాశం దాకా కట్టించు. మీ మొహాలు సూసే బాద తప్పుతాది."

"మర్యాదగా మాట్లాడండి."

"కుక్కకి మందెట్టీసినానని వీధంతా సెప్పింది ఎవులు? మిల్లుకాడ సింగన్న నన్నడిగినాడు. అప్పుడేటైపోనాది నీ మరియాద?"

"మందు అనలేదు, తిండి అన్నాను. ఆరు రోజులు వాసన చూసి వదిలేస్తుంది. శనివారం మాత్రం గిన్నె నాకేసి, ఇంకా పెట్టమని అరుస్తుంది. శనివారం ఎందుకు పెట్టరు మీరు? ఊళ్లో ఉండరా?"

"శనివారమా?"

"మూడు శనివారాలూ అంతే."

"మా పొయ్యికి శనివారం, ఆదివారం లేదు. శనివారం కంచం ముందు కూసోనిది ఎవులో, ఆళ్లే పెడతన్నారు."

"మా ఇంట్లో అందరం తింటాం. ఒక్క అత్తయ్యే ఉపవాసం."

"శనివారమేనా ఉపాసం?"

"అవును, ప్రతి శనివారం. అయితే?"

"నానేటనలేదు టీచరమ్మా. నువ్వే అన్నావు."

"అత్తయ్యా, మధ్యాహ్నం అన్నం తిన్నారా?"

"తిన్నాను."

"ఏం కూర?"

"నువ్వు చేసిందే."

"ఏం చేశాను?"

"ఏమిటే ఇది, పరాయివాళ్ల ముందు? ముందు ఆవిణ్ణి వెళ్లమను."

"ఆవిడ వాళ్ల పెరట్లోనే ఉంది. జున్నుకి పెట్టేశారు కదూ?"

"ఓలమ్మా, మీ అత్త జబ్బలు సూడు టీచరమ్మా. జాకెట్టు ఏలాడతంది."

"నా వంట నచ్చకపోతే నాతో అనాలి అత్తయ్యా. కుక్క చేత చెప్పిస్తారా?"

"వంటదేం లేదే."

"మరి?"

"చెప్తే మీ ఆయన నన్ను విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్తాడు. వాళ్ల నాన్నని తీసుకెళ్లినట్టే. ఆయన మళ్లీ తిరిగి రాలేదు."

"మామయ్యగారికి గొంతులో కణితి కదా..."

"అందుకే చెప్పలేదు. మూడు వారాలుగా ముద్ద దిగడం లేదు."

"జావైనా?"

"మొన్నటిదాకా దిగింది. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా దిగడం లేదు."