కాశీకి వెళ్లకుండా వదిలిన పండు

పామర్రులోని ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మామిడిపండు తగువు పొద్దుటి నుంచీ సాగుతూనే ఉంది.

“మామిడిపండు వద్దనే మనిషిని కృష్ణాజిల్లాలో నిన్నే చూశాను. ఒక్క రసం తినవే.”

“నిరుడు పుట్టింట్లో ఒక్కటే తిన్నానత్తయ్యా. పెదవులు వాచాయి, గొంతు పూడుకుపోయి ఊపిరాడలేదు. ఆ పండు నీ ఒంటికి పడదు, మళ్లీ ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు.”

“వేడి చేసుంటుంది. నీళ్లలో నానేసి తిను.”

“నానేసిందే తిన్నాను. మీరు కాశీలో జామపండు వదిలేశారు. మళ్లీ తినమని మిమ్మల్ని ఎవరైనా పోరుతున్నారా?”

“అది దేవుడికిచ్చిన మాటే.”

“ఇది దేవుడిచ్చిన ప్రాణం అత్తయ్యా.”

అత్తగారు చేతిలోని పండు గంపలో పెట్టేసింది. భోజనాల దగ్గర అందరికీ వినబడేలా చెప్పింది.

“కోడలు మామిడిపండు వదిలేసింది. ఇక దాని విస్తట్లో ఎవరూ వెయ్యొద్దు.”

“కాశీ ఎప్పుడెళ్లిందీ?” అన్నారు మావగారు.

“నేను వెళ్లాగా. దాని వంతు కూడా నేనే వదిలొచ్చాను.”