పాత ఫోన్‌లో రాని సంచి

(మధ్యాహ్నం. కుట్టుమిషను ఉన్న గదిలో అక్కాచెల్లెళ్లిద్దరే.)

“మళ్లీ చూశాను. నా సంచి లేదు. పైనుంచి కిందిదాకా వెతికినా నీదే.”

“ఏ సంచే?”

“ఏమీ తెలియనట్టు అడక్కు. మేడమ్ తన సంచుల కొట్టు వెబ్‌సైట్లో మనిద్దరి సంచులూ పెడతానంది కదా. నీది పెట్టి నాది వదిలేసింది.”

“నీ ఫోన్‌లో చూశావా?”

“నాకింకో ఫోన్ ఉందా? కొత్తది నీకు కొన్నారు, నీ పాతది నాకు పడేశారు. నీ పాత గౌన్లలాగే.”

“ఇప్పుడు గౌన్లెందుకే...”

“సాయంత్రం మేడమ్ వచ్చి, కొత్తగా కుట్టిన సంచులు చూసి మనలో ఒకరినే పనిలోకి తీసుకుంటుంది. ఎవరినో తెలిసిపోయిందిగా. నువ్వే వెళ్లు. నేనిక్కడ బొత్తాలు కుట్టుకుంటాను.”

“చెల్లీ, నా ఫోన్‌లో చూడు.”

“నాకొద్దు. గొప్పలు నా దగ్గర వద్దు.”

“చూడవే ఒకసారి.”

“ఇది... నీలం సంచి. నేను కుట్టిన పువ్వులే. తెరంతా నాదే. ఇప్పుడే పెట్టిందా?”

“వారమైంది.”

“మరి నాకెందుకు కనబడలేదు?”

“తెరవగానే మనది ఏ ఫోనో వెబ్‌సైట్‌కి తెలిసిపోతుందట. ఫోనే చెప్పేస్తుందట, నేను ఫలానా అని.”

“చాడీలు చెప్పడం దానికీ వచ్చా?”

“పాతదని తెలిస్తే పెద్ద ఫోటోలు తీసేసి తేలికవే పంపుతుందట. లేకపోతే తెరుచుకోదు. నాది మూలనున్న చిన్న ఫోటో, అందుకే నీకు వచ్చింది. అన్నిటికన్నా పెద్దది నీదే.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“మేడమే. నీ పువ్వులు చూసి అందరూ అక్కడే ఆగిపోతున్నారని కూడా చెప్పింది.”

“ఎప్పుడు?”

“చెప్పానుగా, వారం.”

“వారం నుంచి తెలిసీ... నేను అన్నం కూడా సరిగా తినడం లేదు. చూస్తూనే ఉన్నావు.”

“చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు. రోజూ ఆ ఫోటో తెరిచి చూసేదాన్ని, నా కుట్టు ఇలా ఎందుకు రాదా అని.”

“కాస్త జరుగు, లేవనీ.”

“తిట్టు. తిట్టాకే లేద్దువుగాని.”

“సూదులపెట్టె ఎక్కడ పెట్టావు?”

“ఇప్పుడెందుకు?”

“ఎర్రదారం కూడా తీయి. మేడమ్ ఎన్నింటికొస్తుంది?”

“అయిదింటికి. దేనికే? ఆవిడకి చూపించే నా సంచి నిన్ననే పూర్తయింది. బీరువాలో ఉంది.”

“బీరువాలో ఉన్నది వట్టి గుడ్డే అక్కా. నువ్వు కుట్టిన పువ్వులన్నీ పొద్దున నేనే విప్పేశాను.”