మెట్లున్న బావి

ఆ స్విచ్చి మీద నుంచి చెయ్యి తియ్యి వదినా. అన్నం చల్లారితే చల్లారనీ. ఈ వయసులో వీడికి బొమ్మలాటేంటని నీకు ఒళ్ళు మండుతోంది, తెలుసు. కానీ ఇప్పుడు కరెంటు పోయిందంటే ముప్ఫై ప్రాణాలు పోతాయి.

నవ్వకు. కూర్చో. ఆట నిలిపి ఉంచానులే, ఎవడూ కదలడు.

దీన్ని కంప్యూటర్లో పెట్టిచ్చింది నీ కూతురేగా. మోకాళ్ళు పోయి మూలన కూర్చున్నానని, కోట కట్టాలి బాబాయ్, బావులు తవ్వాలి, అచ్చం నీ పనే అంది. నలభై ఏళ్ళు బావులు తవ్వినవాణ్ణి, ఊరుకుంటానా?

ఇదిగో, ఈ పొట్టివాళ్ళంతా నా మనుషులు. కొండ లోపల కాపురం. మామూలప్పుడు నీళ్ళు ముట్టరు, సారాయే. మా ముఠాలో సగం మంది అంతేగా. కానీ దెబ్బ తిని పడుకున్నవాడికి మాత్రం నీళ్ళే పట్టాలి. లేకపోతే నాలుక పిడచగట్టి మంచం మీదే పోతాడు.

నాలుగు రోజుల నుంచి శత్రువులు కోట తలుపు బాదుతున్నారు. గోడ మీద నావాళ్ళు పదకొండు మంది పడ్డారు. ఒకడికి మోచేతి కింద చెయ్యి లేదు. ఒకడి పొట్ట చీలింది. అందర్నీ ఆసుపత్రి గదిలో పడుకోబెట్టి, గది మధ్యలో బావి కట్టాను. రాతి గట్టు, గిలక, గొలుసు, బకెట్టు. కింద తొట్టి. ఏటి నుంచి తొట్టి దాకా సొరంగం, దానికి తూము.

తొట్టి లోతు చాల్లేదు. బకెట్టు బురద తెస్తోంది. అందుకని తూము మూసి, ఉన్న నీళ్ళు తోడించి, ఒకణ్ణి దింపి ఇంకా తవ్వమన్నాను.

సొరంగం తవ్వినప్పుడు మట్టి పైకి తీసిన కంత ఒకటి ఉంది. నీళ్ళు పోయేసరికి అది శత్రువుల కంట పడింది. దూరారు.

దూరితే మాత్రం? నున్నటి గోడలుంటే కిందే చచ్చేవాళ్ళు. ఈ ఆటలో తొట్టికి మెట్లు ఎవడూ పెట్టడట. మొన్ననే నీ కూతురు చూసి తల కొట్టుకుంది, బావికి మెట్లేంటి బాబాయ్, దొంగలకి దారి వేసిచ్చినట్టుంది అని. నేను పెట్టాను. అడుగు నుంచి గట్టు దాకా. మెట్లు లేకుండా గొయ్యి తవ్వడం నా చేత కాదు.

మూలన తవ్వుతున్నవాణ్ణి చూడకుండా ఆరుగురు ఆ మెట్లెక్కేశారు. లేవలేనివాళ్ళని మంచాల మీదే నరికారు. చెయ్యి లేనివాడు రెండో చేత్తో బకెట్టు అందుకుని ఒకడి తల పగలగొట్టాడు వదినా. మిగిలినవాళ్ళు వాణ్ణి పొడిచి పొడిచి చంపారు. కాపలావాళ్ళు వచ్చి ఆ అయిదుగుర్నీ ముక్కలు చేసేసరికి మంచాల మీద ఊపిరి ఉన్నవాడు లేడు. ఆ ఎరుపంతా అదే.

ఇంకా ఇరవై మంది సొరంగంలో వస్తున్నారు. ఈ మీట లాగితే తూము తెరుచుకుంటుంది. అందరూ మునుగుతారు. కోట మిగులుతుంది.

లాగొచ్చుగా మరి, అంటావు. తొట్టిలో గునపం పట్టుకుని ఒకడున్నాడే, తవ్వేవాడు. ఇందులో మనుషులకి మనమే పేరు పెట్టుకోవచ్చు. చదువు.

అవును. అన్న అనే పెట్టాను.

కళ్ళు తుడుచుకోకు, ఇంకా అసలుది చెప్పలేదు. మోకు తెగి అన్న పోయాడని నీకు చెప్పాను. తెగింది నిజమే. కానీ మోకు తెగినా మనిషి ఎక్కి రావాలనే కదా, గోడకి కాలు పెట్టే గుంటలు చెక్కుతాం? ఆ రోజు చెక్కాల్సింది నేను. రాయి గట్టిగా ఉంది, చేతులు బొబ్బలెక్కాయి. రేపు చెక్కుతానులే అన్నాను.

"సరేలేరా" అని దిగాడు.

ఊట విరుచుకుపడింది, పైకి లాగుతుంటే మోకు తెగింది. ఇంకో మోకు తెచ్చేలోపు, గోడ గీకుతున్న చప్పుడు విన్నాను. తర్వాత అన్న చేతులకి గుడ్డ చుట్టింది నేనే. నువ్వు చూడకూడదని. పది వేళ్ళకీ ఒక్క గోరు లేదు.

ఇరవై ఆరేళ్ళు నీ చేతి అన్నం తిన్నాను.

లేవకు వదినా, ఇది చూడు.

ఇదిగో, లాగుతున్నాను. ఈసారి మెట్లున్నాయి. నీళ్ళకంటే ముందే వచ్చేస్తాడు, చూస్తూ ఉండు.

ఎక్కట్లేదేంటి? పక్కనేగా ఉన్నాయి. మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్కణ్ణీ ఎక్కనివ్వడం లేదు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. మెడ దాకా. ఇంకా పొడుస్తూనే ఉన్నాడు.

అయిపోయింది.

మెట్లున్నా ఎక్కలేదు. అంతమాత్రాన నా పాపం కడుక్కుపోదులే. ఎక్కడమా, ఉండిపోవడమా అన్నది వాడి ఇష్టం. అన్నకి ఆ ఇష్టం కూడా లేకుండా చేశాను.

కోట మిగిలింది. ఇక స్విచ్చి తీసెయ్యి. అన్నం పెడతావో లేదో, నువ్వే చూసుకో.